కారు ఏసీ పంకాలో చప్పుడు: కారణాలు, నివారణ

మాఘ ఫాల్గుణ మాసాల్లో ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలో ప్రయాణం చేసేవారికి రెండు దృశ్యాలు తప్పక కనబడతాయి. ఒకటి, కల్లాల్లో ఎర్రగా పరచి ఎండబెట్టిన మిరపకాయలు. రెండవది, పత్తి లారీలు పోయిన దారి పొడవునా కంపచెట్లకు చిక్కుకొని వేలాడే తెల్లని పత్తి పింజెలు. ఆ రోజుల్లోనే వేపచెట్లు ఆకు రాలుస్తాయి. ఉగాది నాటికి పూత పూస్తాయి. మిరప దుమ్ముకూ, పత్తి నూగుకూ, వేపాకుకూ మోటారు కారుతో ఏమి సంబంధమని చదువరులకు సందేహం కలగవచ్చు. ఆ సంబంధమే ఈ వ్యాసంలోని విషయం.

దర్శిలో ఒక ఉపాధ్యాయుడు పాత కారు ఒకటి కొన్నాడనుకుందాం. ఎండ తగలకుండా దానిని రోజూ బడి ఆవరణలో వేపచెట్టు కింద నిలుపుతున్నాడు. చలికాలమంతా ఏసీతో పని లేకపోయింది. చైత్రం వచ్చింది, ఎండలు ముదిరాయి. ఒకనాడు ఏసీ మీట తిప్పగానే ఎడమవైపు సీటులో కూర్చున్నవారి కాళ్ల దగ్గర ‘టకటక’మని చప్పుడు బయలుదేరింది. వేగం పెంచితే ఆ టకటక కాస్తా ‘బుర్రు’మనే మోత అయింది.

ఇట్టి సమయంలో కొందరు ఆ చప్పుడుకు అలవాటుపడి ఊరుకుంటారు. మరి కొందరు ఏసీ అంతా చెడిపోయినదని భయపడి, అడిగినంత డబ్బు పెట్టి మోటారు మార్పిస్తారు. ఈ రెండు పద్ధతులూ సరికావు. ఊరుకున్నవారి మోటారు నిజంగానే పాడుకావచ్చు. తొందరపడినవారు ఒక ఎండుటాకు కోసం వేల రూపాయలు పోగొట్టుకోవచ్చు. చప్పుడును శ్రద్ధగా వింటే దాని కారణాన్ని చాలావరకు అదే చెబుతుంది. ఎట్లా చెబుతుందో గ్రహించడానికి హైస్కూలులో నేర్చుకొన్న భౌతిక శాస్త్రం చాలును.

పంకా మన కాళ్ల దగ్గరికి వచ్చిన విధం

అమెరికాలో పాకార్డు కంపెనీ 1939లో ఏసీ అమర్చిన కారును ప్రజలకు ప్రదర్శించింది. అందులో గాలిని చల్లబరచే భాగం వెనుక సామాను పెట్టెలో చాలా చోటు ఆక్రమించేది. కంప్రెసరును విడిగా ఆపే వీలు లేదు. ఏసీ అక్కరలేదనుకొంటే ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి, బెల్టును తీసివేయవలసి వచ్చేది. లోపల కూర్చున్నవారి అదుపులో ఉన్నది పంకా మీట ఒక్కటే. 1954లో నాష్ కంపెనీ వెచ్చదనం ఇచ్చే పరికరాన్నీ, చల్లదనం ఇచ్చే పరికరాన్నీ కలిపి కారు ముందు భాగంలోనే ఇమిడ్చింది. నేటి కార్లు చాలావరకు ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. అందువల్ల పంకా మన మోకాళ్ల ముందుకు వచ్చింది. దాని చప్పుడు కూడా మన చెవికి దగ్గరయింది.

పంకా నిర్మాణం

ఇంటికప్పుకు వేలాడే పంకాకు మూడు నాలుగు రెక్కలుంటాయి. కారు ఏసీ పంకా అట్లా ఉండదు. అది ఒక చిన్న డబ్బా ఆకారంలో ఉంటుంది. దాని చుట్టూ సన్నని నిలువు రెక్కలు సుమారు 40 వరకు అమర్చి ఉంటాయి. ఉడుతబోనును పోలి ఉన్నది కనుక దానికి ఉడుతబోను చక్రమని పేరు వచ్చింది. చక్రం తిరుగుతున్నప్పుడు గాలి దాని నడిమి రంధ్రం గుండా ప్రవేశించి, రెక్కల మధ్య నుంచి అంచువైపు విసిరివేయబడుతుంది. నత్తగుల్ల ఆకారంలో ఉన్న తొడుగు ఆ గాలిని పోగుచేసి ఒకే దారిన పంపుతుంది.

కమ్మరి కొలిమి దగ్గర చేతితో తిప్పే పంకాను చూచినవారికి ఇది కొత్త సంగతి కాదు. తోలుతిత్తికి బదులుగా వచ్చిన ఆ పంకా కూడా గాలిని నడుమ పీల్చి అంచున విసరుతుంది. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథంలో గనుల్లోకి గాలి పంపే తిరుగుడు పంకాల వర్ణన, బొమ్మలు ఉన్నాయి. కాబట్టి కారు కొత్తదే గాని, అందులోని పంకా సూత్రం చాలా పాతది.

ఇక గాలి వచ్చే దారిని చూద్దాం. ముందు అద్దం అడుగున, బానెట్టు ముగిసేచోట, ఒక జాలీ ఉంటుంది. బయటి గాలి దాని గుండా లోపలికి వస్తుంది. లోపల ఒక చిన్న తలుపు ఉంటుంది. అది ఒకవైపు జరిగితే బయటి గాలి, మరొకవైపు జరిగితే కారు లోపలి గాలి పంకాకు అందుతుంది. గాలిలోని దుమ్మును ఆపడానికి మడతలు పెట్టిన కాగితం వంటి ఫిల్టరు ఉంటుంది. ఇది కొన్ని కార్లలో పంకాకు ముందు, కొన్నిటిలో పంకాకు తరువాత ఉంటుంది. కొన్ని చిన్న కార్లలో ఫిల్టరుకు చోటు మాత్రం ఉండి, ఫిల్టరు ఉండదు. పంకాకు ముందు ఫిల్టరు లేని కారును వేపచెట్టు కింద నిలిపితే, జాలీ సందుల్లో పడిన ఆకులు, పూత, ఈనెలు తిన్నగా పంకాలోకే దిగుతాయి. మన ఉపాధ్యాయుని కారులో జరిగినది ఇదే కావచ్చు.

ఆకు చేసే మోత

పిల్లలు సైకిలు చక్రం పుల్లలకు తగిలేటట్లు ఒక అట్టముక్కను కట్టి తొక్కడం మనమందరం చూచినదే. నెమ్మదిగా తొక్కితే టకటకమంటుంది. వేగంగా తొక్కితే ఆ టకటకలన్నీ కలిసిపోయి ఒకే స్వరంగా వినబడతాయి. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సవార్ పళ్లచక్రానికి అట్టముక్క తాకించి, స్వరానికీ పౌనఃపున్యానికీ ఉన్న సంబంధాన్ని ఈ విధంగానే చూపినాడు.

పంకాలో ఆకు రెండు విధాలుగా చిక్కుకోవచ్చు. తొడుగుకు అంటుకొని కదలకుండా ఉన్న ఆకును చక్రంలోని ప్రతి రెక్కా తాకుతూ పోతుంది. చక్రం నిమిషానికి 3000 సార్లు, అనగా సెకనుకు 50 సార్లు తిరుగుతున్నదనుకుందాం. రెక్కలు 40 అయితే ఆకుకు సెకనుకు 2000 దెబ్బలు తగులుతాయి. అది చెవిని పొడిచే సన్నని స్వరం. అట్లా కాక, ఆకు రెక్కలలో ఇరుక్కొని చక్రంతోపాటు తిరుగుతూ తొడుగును ఒక చోట తాకుతున్నదనుకుందాం. అప్పుడు చుట్టుకు ఒక దెబ్బ చొప్పున సెకనుకు 50 దెబ్బలే వినబడతాయి. అది బొంగురు మోత. కనుక స్వరం సన్ననిదా, బొంగురుదా అనే ఒక్క తేడా వల్ల అడ్డం ఎక్కడ ఉన్నదో ఊహించవచ్చును.

బరువు ఒకపక్కకు తూగితే

చక్రం బరువు ఇరుసు చుట్టూ సమానంగా ఉన్నంతవరకు అది నిలకడగా తిరుగుతుంది. పత్తి నూగు, మిరప దుమ్ము వర్షాకాలపు తేమతో కలిసి రెక్కల లోపలి వంపులో పేరుకుంటాయి. ఆ ముద్ద అన్ని రెక్కల మీద సమానంగా ఉన్నంతకాలం గాలి తగ్గుతుందే గాని చక్రం కుదుపదు. ఒకచోట పెళ్ల ఊడిపడినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఒకపక్క బరువు, మరొకపక్క తేలిక అవుతుంది.

ఇది ఎంతటి చిక్కో లెక్కవేసి చూద్దాం. చక్రం వ్యాసార్థం 7 సెంటీమీటర్లు, అంచున అదనంగా ఉన్న ముద్ద ఒక గ్రాము, వేగం నిమిషానికి 3000 చుట్లు. వృత్తంలో తిరిగే వస్తువుకు కావలసిన బలం దాని ద్రవ్యరాశి, వ్యాసార్థం, కోణీయ వేగపు వర్గం ఈ మూడింటి లబ్ధం. కోణీయ వేగం సెకనుకు 314 రేడియన్లు. దాని వర్గం సుమారు 98,600. దానిని 0.001 కిలోగ్రాముతోనూ, 0.07 మీటరుతోనూ గుణిస్తే సుమారు 6.9 న్యూటన్లు వస్తుంది. ఇది 700 గ్రాముల బరువుకు సమానం. ఒక గ్రాము ముద్ద 700 గ్రాముల బలంతో ఇరుసును సెకనుకు 50 సార్లు అన్ని దిక్కులకూ లాగుతున్నదన్నమాట. ఆ కుదుపు మోటారు నుంచి తొడుగుకు, తొడుగు నుంచి డాష్‌బోర్డుకు పాకి, కాళ్ల దగ్గర చేయి పెడితే తెలుస్తుంది.

వేగం సగానికి తగ్గిస్తే బలం సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది. కనుకనే తూకం చెడిన చక్రం మొదటి మీట మీద బుద్ధిగా ఉండి, నాలుగవ మీట మీద గోల చేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తయారుచేసేటప్పుడే చక్రం తూకం సరిచేయడానికి కొన్ని రెక్కలకు చిన్న లోహపు క్లిప్పులు తగిలిస్తారు. శుభ్రం చేసేవారు వాటిని చెత్త అనుకొని లాగివేయకూడదు. లాగితే అంతకు ముందు లేని కుదుపు పుడుతుంది.

మధ్య వేగంలో మాత్రమే చప్పుడు వచ్చి, అంతకన్నా తక్కువలోనూ ఎక్కువలోనూ రాకపోతే, అది అనునాదం కావచ్చు. డాష్‌బోర్డులోని ఏదో ఒక పలక సహజ పౌనఃపున్యం, చక్రం కుదుపు పౌనఃపున్యం ఆ వేగం దగ్గర సరిపోయినవి. ముందు అరలోని నాణాలు, కలాలు తీసి చూడండి. పలకను అరచేతితో నొక్కి పట్టండి. చప్పుడు ఆగితే దోషం మోటారుది కాదు, వదులయిన పలకది.

ఇరుసు కీచుమంటే

చాలా కార్లలో ఈ మోటారు ఇరుసు గుండ్రాల బేరింగుల మీద కాక, కంచు బుషింగుల మీద తిరుగుతుంది. కంచుపొడిని అచ్చులో నొక్కి, కరగకుండా కాల్చి ఈ బుషింగును తయారుచేస్తారు. దాని శరీరమంతా సన్నని రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాలు నూనెను పీల్చుకొని, ఇరుసు తిరిగేటప్పుడు కొద్దికొద్దిగా విడుస్తాయి. ఏళ్ల తరబడి వేడికీ, దుమ్ముకూ గురి అయినప్పుడు ఆ నూనె ఆరిపోతుంది. అప్పుడు ఇరుసు ఒక క్షణం బుషింగును పట్టుకొని, మరు క్షణం జారుతుంది. ఫిడేలు తీగమీద కమాను చేసే పని కూడా ఇదే. ఒకటి సంగీతం, మరొకటి కీచుమనే రొద. అంతే తేడా.

ఉదయం మొదటిసారి వేసినప్పుడు కీచుమని, కొంతసేపటికి తగ్గితే బుషింగునే అనుమానించాలి. ఒకటి రెండు చుక్కల పలుచని యంత్రపు నూనె వేస్తే కొంతకాలం ఊరట కలుగుతుంది. ఎక్కువ వేస్తే దుమ్ము అంటుకొంటుంది; కార్బను బ్రష్షులు తాకే చోటికి నూనె పాకి మోటారు చెడుతుంది. ఇరుసును చేతితో అటూ ఇటూ కదిపితే ఆడుతున్నట్లయితే బుషింగు అరిగిపోయినదన్నమాట. అప్పుడు మోటారు మార్చక తప్పదు.

ఈ దశను నిర్లక్ష్యం చేయరాదు. 12 వోల్టుల వద్ద 200 వాట్ల మోటారు సుమారు 17 ఆంపియర్ల విద్యుత్తు తీసుకొంటుంది. ఇరుసు బిగుసుకొన్నకొద్దీ అది ఇంకా ఎక్కువ తీసుకొంటుంది. తీగల కొనలు వేడెక్కి కరగవచ్చు. అట్టి స్థితిలో ఫ్యూజు పోతే అది మనకు మేలు చేసినట్లే. దాని స్థానంలో అంతకన్నా పెద్ద ఫ్యూజు వేయడం నిప్పుతో చెలగాటం.

గాలి తగ్గి, స్వరం పెరిగితే

ఫిల్టరు దుమ్ముతో మూసుకొంటే మోటారు ఆయాసపడి నెమ్మదిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది ఇందుకు విరుద్ధం. పంకా చేసే పని గాలిని కదిలించడమే. గాలి అందకపోతే ఆ పని తగ్గుతుంది. భారం తగ్గిన మోటారు మరింత వేగంగా తిరుగుతుంది. ఇల్లు ఊడ్చే వాక్యూం క్లీనరు గొట్టాన్ని అరచేతితో మూస్తే దాని స్వరం పైకి పోవడం ఇందుకే. కనుక పంకా స్వరం హెచ్చి, వచ్చే గాలి తగ్గితే మొదట ఫిల్టరును చూడాలి.

ఇందులో మరొక అపాయం ఉన్నది. చాలా కార్లలో పంకా వేగాన్ని తగ్గించడానికి నిరోధకాలను మోటారుతో శ్రేణిలో కలుపుతారు. అవి వేడెక్కుతాయి కాబట్టి, పంకా గాలి తగిలి చల్లబడేటట్లు గాలి దారిలోనే వాటిని అమర్చుతారు. గాలి తగ్గితే అవి కాలిపోతాయి. పెద్ద వేగంలో నిరోధకం ఏదీ లేకుండా విద్యుత్తు తిన్నగా మోటారుకు పోతుంది. అందువల్ల ‘చివరి మీట ఒక్కటే పనిచేస్తున్నది, మిగతావి పనిచేయడం లేదు’ అని ఎవరైనా అంటే, మోటారు బాగానే ఉన్నదని, నిరోధకాలు పోయినవని గ్రహించాలి. తీగలు, మీట కూడా ఒకసారి చూడవలసిందే.

ఆరోగ్యంగా ఉన్న పంకా కూడా కొంత మోత చేస్తుందని మరవకూడదు. గాలి సుడుల వల్ల పుట్టే ధ్వనిశక్తి, పంకా వేగపు అయిదవ ఘాతం ప్రకారం పెరుగుతుందని ఇంజనీర్లు అనుభవం మీద కనుగొన్నారు. వేగం రెట్టింపయితే ధ్వనిశక్తి 32 రెట్లు, అనగా సుమారు 15 డెసిబెల్లు పెరుగుతుంది. ‘హో’మనే గాలి చప్పుడు రోగం కాదు. టకటక, కీచు, కుదుపు, ఇవే రోగ లక్షణాలు.

పరీక్షించే పద్ధతి

1816లో లెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు చుట్టిన కాగితాల గొట్టంతో రోగి గుండె చప్పుడును విన్నాడు. నేటి స్టెతస్కోపుకు అది నాంది. మనమూ వైద్యుని వలె ఒక క్రమంలో వినాలి.

మొదట ఇంజను ఆపి, తాళం చెవిని విద్యుత్తు వచ్చేవరకు మాత్రమే తిప్పి, పంకాను ఒక్కదానినే నడపండి. చప్పుడు అప్పుడూ ఉంటే దోషం పంకా వైపే. ఇంజను నడిచేటప్పుడు, అందులోనూ ఏసీ బొత్తాం నొక్కినప్పుడు మాత్రమే చప్పుడు వస్తే, కంప్రెసరునో బెల్టునో అనుమానించాలి. అది ఇంట్లో బాగుచేసే పని కాదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి ఈ పరీక్ష చేయకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణం తీస్తుంది.

రెండవది, మీటను ఒక్కొక్క మెట్టే పెంచండి. వేగంతోపాటు స్వరం పెరిగితే తిరిగే భాగంలోనే దోషం ఉన్నది. మూడవది, బయటి గాలికి బదులు లోపలి గాలి వచ్చేటట్లు తలుపును మార్చండి. చప్పుడు మారితే ఆ తలుపు దగ్గరనో, జాలీ దారిలోనో చెత్త ఉన్నది. నాలుగవది, సన్నని రబ్బరు గొట్టం ఒక కొన చెవికి పెట్టుకొని, రెండవ కొనను డాష్‌బోర్డు అడుగున అక్కడక్కడ ఉంచి వినండి. చప్పుడు ఎక్కడ హెచ్చుగా ఉన్నదో తెలుస్తుంది.

శుభ్రం చేయడం

పని ప్రారంభించే ముందు తాళం చెవి తీసివేయాలి; బ్యాటరీ రుణధ్రువం తీగ విప్పాలి. చాలా కార్లలో ముందు అరను రెండు పక్కలా నొక్కితే కిందికి దిగుతుంది. దాని వెనుక ఫిల్టరు కనిపిస్తుంది. మోటారు సాధారణంగా దాని కిందుగా మూడు నాలుగు మరలతో బిగించి ఉంటుంది. తీగల కొన విడదీసి, మరలు విప్పితే చక్రంతో సహా కిందికి వస్తుంది. ఆ చోట ఎయిర్‌బ్యాగు తీగలు కూడా పోతూ ఉండవచ్చు. పసుపురంగు తొడుగు గల తీగలను తాకకూడదు.

ఆకులను చేతితో ఏరివేసి, రెక్కల మధ్య పేరుకొన్న మట్టిని మెత్తని కుంచెతో తుడవాలి. రెక్కలు వంగకూడదు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవకండి. మిరప దుమ్ము సంగతి మన ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. పైగా, కారు చాలా రోజులు కదలకపోతే ఎలుకలు పత్తి, గుడ్డపీలికలు తెచ్చి ఆ తొడుగులో గూడు కట్టడం కద్దు. వాటి మూత్రం వల్ల ఎలుకజ్వరం సోకవచ్చు కనుక చేతులకు తొడుగులు వేసుకొని, గూటిని క్రిమిసంహారక ద్రవంతో తడిపి తీయాలి.

చక్రాన్ని చేతితో తిప్పి చూడండి. ఎక్కడా తగలకుండా తిరిగి, మెల్లగా ఆగితే తిరిగి బిగించవచ్చు. కొత్త ఫిల్టరు వేసేటప్పుడు దాని అంచున ఉన్న బాణపు గుర్తును గాలి పోయే దిక్కుకు పెట్టాలి. కారుతో వచ్చిన పుస్తకం ఫిల్టరుకు ఒక గడువు చెబుతుంది. పత్తి, మిరప కాలంలో తిరిగే కారుకు అంతవరకు ఆగకుండా ముందే చూడటం మంచిది. వేపచెట్టు నీడ మానుకోనక్కరలేదు. వారానికొకసారి జాలీ మీది ఆకులు ఏరివేస్తే చాలును.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఆటబొమ్మలోని చిన్న మోటారు ఒకటి, దాని ఇరుసుకు సరిపడే గుండ్రని అట్టబిళ్ల ఒకటి, రెండు ఘటాలు తీసుకోండి. మోటారును చెక్కముక్కకు కట్టి, చెక్కను బల్లమీద పెట్టి తిప్పండి. బిళ్ల నిలకడగా తిరుగుతుంది. ఇప్పుడు బిళ్ల అంచున గోధుమగింజంత మైనం అంటించి తిప్పండి. చెక్క దడదడలాడుతుంది. మైనాన్ని తీయకుండా, సరిగ్గా ఎదుటి అంచున అంతే మైనం అంటించండి. దడ తగ్గుతుంది. పంకాకు క్లిప్పులు ఎందుకు పెడతారో విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. ఒక ఘటానికి బదులు రెండు ఘటాలు శ్రేణిలో కలిపి, వేగం పెరిగినప్పుడు దడ ఎట్లా హెచ్చుతుందో కూడా చూపవచ్చును.

ఏసీ పంకాను కేవలం సుఖం కోసమని అనుకోవడం పొరపాటు. వానలో ప్రయాణం చేసేటప్పుడు ముందు అద్దం లోపలివైపు పట్టిన ఆవిరిని తొలగించేది ఈ పంకా గాలే. అది ఆగిపోతే ఎదురుగా వచ్చే లారీ కనబడదు. మండువేసవిలో రోగిని ఒంగోలు ఆసుపత్రికి తీసుకొనిపోతుండగా అది ఆగిపోయినా కష్టమే. పంకా సాధారణంగా ఒక్కసారిగా ఆగదు. ముందుగా టకటకమనో, కీచుమనో కొంతకాలం చెబుతూనే ఉంటుంది. ఆ మొదటి చప్పుడు విన్ననాడే జాలీని, ఫిల్టరును ఒకసారి చూచినవారికి తరచుగా ఒక గుప్పెడు వేపాకుతోనే పని తీరిపోతుంది.